తిరుమల నాయకుడును మా అట్టల మహలును

ఒక భవనపు నమూనాను కొలత తప్పకుండ చేయవలెనని మా ఉపాధ్యాయులు ఆదేశింపగా, మేము దూరపు సౌధముల కొరకు వెదకలేదు. ఇంట తెలుగును, వీధిలో తమిళమును పలుకు మధుర పిల్లలమగు మాకు తిరుమల నాయకుని మహలు కంటె దగ్గరిది మరేది? నూరింట నొకవంతు కొలతతో దానిని అట్టలతో నిర్మింప బూనితిమి. ఆ పనితోపాటు ఆ రాజు చరిత్రమును కూడ తెలిసికొంటిమి.

మధుర నాయక రాజ్యమును 1529లో విశ్వనాథ నాయకుడు స్థాపించెను. ఆ వంశమువాడగు తిరుమల నాయకుడు 1623లో సింహాసనమెక్కి 36 సంవత్సరములు పాలించెను. అన్నగారగు ముత్తువీరప్ప నాయకుడు తిరుచిరాపల్లికి మార్చిన రాజధానిని ఆయన మరల మధురకు తెచ్చెను. 1636 ప్రాంతమున మహలు వెలసెను. మీనాక్షీ ఆలయపు తూర్పు గోపురమున కెదురుగా పుదుమండపమును, వండియూరులో తెప్పకుళమును నిర్మించినది కూడ ఆయనయే. మీనాక్షీ కల్యాణమును, అళగరు వైగై నదిలో దిగు ఉత్సవమును చిత్తిరై మాసమున ఒక్కచోట కూర్చినవాడు ఆయనయేనని పెద్దలు చెప్పుదురు.

స్వర్గవిలాసపు ముంగిలి సుమారు 75 మీటర్ల పొడవును, 52 మీటర్ల వెడల్పును గలది. కనుక మా పలకపై మీటర్లు సెంటీమీటర్లయ్యెను. కాగితములను చుట్టి, మైదా జిగురుతో అంటించి స్తంభములు చేసితిమి. చూపునకు అందముగా నుండునని వానిని అసలు కొలత కంటె సన్నముగా చేసితిమి. కమానులపై గుమ్మటము నుంచగానే స్తంభములు వెలుపలికి ఒరిగి, రెండు వారముల శ్రమ నేలపాలయ్యెను.

మరల మహలునకు పోయి చూచితిమి. కమాను తనపై బడిన బరువును క్రిందికే కాక ప్రక్కలకు కూడ నెట్టును. దానిని ఓర్చుకొనుటకే అచటి స్తంభములు అంత లావుగా నున్నవి. ఈసారి కొలత ప్రకారమే చేసితిమి, గుమ్మటము నిలిచెను.

రాజ్యమును నిలుపుట అంతకంటె కష్టమయ్యెను. తిరుమల నాయకుడు విజయనగర ప్రభువగు శ్రీరంగరాయలను ధిక్కరించి గోల్కొండ సుల్తాను సాయమును కోరెను. చివరకు తానే కప్పము కట్టవలసి వచ్చెను. మైసూరు సేనలు దండెత్తి ప్రజల ముక్కులు కోసిన ఘోరమును ముసలితనమున చూచెను. రామనాథపురపు రఘునాథ సేతుపతి తోడ్పడుటచే శత్రువులు వెనుదిరిగిరి. 1659లో ఆయన మరణించెను. ఆరంభించిన రాయగోపురము మొండిగానే మిగిలెను.

పిమ్మట ఆయన మనుమడు చొక్కనాథ నాయకుడు మహలులో చాల భాగమును విప్పించి తిరుచిరాపల్లికి తరలించెను. మిగిలినదానిని 1866–72 నడుమ మద్రాసు గవర్నరుగా నున్న నేపియరు ప్రభువు బాగుచేయించెను.

ఇచటనే మాలో వాదము పుట్టెను. పోయిన భాగమును ఊహించి కట్టినచో మన పూర్వుల ఘనత తెలియునని కొందరు అనిరి. కొలత తెలియనిదానిని కట్టుట నమూనా కాదని తక్కినవారు అనిరి. తుదకు ఉన్నంతవరకే కట్టి, మిగిలిన పలకను ఖాళీగా విడిచితిమి. ప్రదర్శన నాడు వచ్చినవారు మొదట అడిగినది ఆ ఖాళీని గూర్చియే. అందుచే ఆ రాజు గెలుపును, ఓటమిని కూడ వారికి చెప్పగలిగితిమి. చిన్న తరగతుల సోదరీసోదరులు మా నమూనాను చూచి, పిదప అసలు మహలును కొలబద్దతో చూడవలెనని కోరుచున్నాము.