సేవకూ లెక్క అడిగిన దుర్గాబాయి

సిద్దిపేట నుంచి రాజీవ్‌ రహదారి మీదుగా హైదరాబాద్‌ వెళ్లి, విద్యానగర్‌లోని దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ ఆసుపత్రిలో చూపించుకున్న కుటుంబాలు మన వైపు ఉండే ఉంటాయి. ఆ బోర్డు మీది పేరెవరిదని పిల్లలు అడిగితే స్వాతంత్ర్య సమరయోధురాలని చెప్పి ఊరుకుంటాం. అది నిజమే కానీ సగమే. సేవాసంస్థను ఎలా మొదలుపెట్టాలి, డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి, మేలు జరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి అన్నవి మన దేశంలో గట్టిగా పట్టించుకున్న తొలితరం మనుషుల్లో ఆమె ఒకరు.

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని చెప్పి, ఆ భర్తను మరో పెళ్లి చేసుకోమన్నారు. చాలా ఏళ్ల తరవాత ఆయన చనిపోయి, రెండో భార్య దిక్కులేనిదైతే, ఆమెను తన సంస్థకే తీసుకొచ్చి పని నేర్పించి నిలబెట్టారు. ఆ రోజుల్లో ఇది ఎంతమంది చేయగలరు?

1923లో కాకినాడలో కాంగ్రెస్‌ మహాసభలు జరిగాయి. పక్కనే ఖాదీ ప్రదర్శన. టికెట్‌ లేనివాళ్లను లోపలికి రానివ్వకుండా చూసే పని పద్నాలుగేళ్ల దుర్గాబాయిది. జవహర్‌లాల్‌ నెహ్రూ టికెట్‌ లేకుండా వస్తే ఆయన్నీ ఆపేశారు. నిర్వాహకులు కోప్పడినా తగ్గలేదు. చివరికి వాళ్లే టికెట్‌ కొనిచ్చాక ఆయన లోపలికి వెళ్లారు. సరదా కథలా చెప్పుకుంటాం గానీ, పెద్దవాళ్లకో లెక్క, మామూలు జనానికో లెక్క ఉండకూడదన్న పట్టుదల ఆమెను జీవితాంతం వదల్లేదు.

ఉప్పు సత్యాగ్రహం రోజుల నుంచి మూడుసార్లు జైలుకు వెళ్లారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది. అక్కడే చదువు రాక, తమ కేసేమిటో కూడా తెలియకుండా శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్లను చూశారు. బయటికి వచ్చాక ముందు తానే చదువుకోవాలనుకున్నారు. మెట్రిక్‌, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ, ఆపై మద్రాసులో న్యాయశాస్త్రం.

చదువు సాగుతుండగానే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. పేరు పెద్దదే అయినా మొదలు చిన్నది. బడి మానేసిన ఆడవాళ్లను బెనారస్‌ మెట్రిక్‌ పరీక్షకు కూర్చోబెట్టే తరగతులు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు పెరిగితే ఉండటానికి వసతి కావాల్సి వచ్చింది. చదివాక బతుకుతెరువు కావాలి కదా, చేతిపనులు నేర్పారు. కాన్పుల కోసం నర్సింగ్‌ హోమ్‌ పెట్టారు. అక్కడే అమ్మాయిలకు నర్సు, మంత్రసాని శిక్షణ ఇచ్చారు. ఆ తరవాత పోలియో వచ్చిన పిల్లల కోసం ఎముకల చికిత్సా కేంద్రం. ఏదీ ముందే కాగితం మీద గీసుకున్నది కాదు. ఒక అవసరం తీరుస్తుంటే దాని వెనకున్న అవసరం కనిపించేది. ఇప్పుడు చాలా ట్రస్టులు దాతకు నచ్చే పనితో మొదలుపెట్టి, దానికి తగిన పేదల కోసం వెతుక్కుంటున్నాయి. ఆమెది సరిగ్గా ఎదురుదారి.

రాజ్యాంగ సభలో ఉన్న పదిహేను మంది మహిళల్లో ఆమె ఒకరు. ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థికమంత్రి చింతామణ్‌ దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలు ఆమే. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు సాయం కోసం 4 కోట్ల రూపాయలు పక్కన పెట్టారు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. కానీ ఎవరికివ్వాలి? ఏ సంస్థ నిజంగా పనిచేస్తోంది? దానికి ఆమె పద్ధతి మన ఇళ్లలో పెద్దవాళ్ల పద్ధతే. సంస్థ కూడా తన వంతు సొమ్ము పోగుచేసుకోవాలి. ఖర్చుకు లెక్క చూపాలి. మనిషి వెళ్లి కళ్లారా చూసి రావాలి.

1954 నుంచి పల్లెల్లోకి వెళ్లారు. దాదాపు పాతిక ఊళ్లను ఒక గుంపుగా తీసుకుని బాలవాడి, తల్లీబిడ్డల ఆరోగ్యం, వయోజనుల చదువు, చేతిపనులు. గ్రామసేవిక, మంత్రసాని ఊళ్లోనే ఉంటారు. నడిపించేది స్థానిక మహిళల కమిటీ. ఇక్కడే చిక్కులు వచ్చాయి. ప్రభుత్వ సొమ్ము తగ్గాక తమ వంతు పోగుచేయలేక చాలాచోట్ల కేంద్రాలు నీరసించాయి. ఇంట్లో పది రూపాయల మీద కూడా అధికారం లేని ఆడవాళ్లు ఊరి నుంచి విరాళాలు ఎలా తెస్తారు? ఈ సంగతి ఆమె కొంత తక్కువగా అంచనా వేశారనే నా అభిప్రాయం. సిద్దిపేట పల్లెల్లో ఇవాళ మహిళా సంఘాలు ముందు పొదుపు, తరవాతే అప్పు అంటున్నాయి. ఆ వరసలో ఎంత తెలివి ఉందో అప్పటి అనుభవం చూస్తే అర్థమవుతుంది.

ఇంకో లోటు కూడా బయటపడింది. గ్రామసేవికలు, నర్సులు, టీచర్లు కావాలి. ఆ పనికి సరిపడా చదివిన ఆడవాళ్లు దొరకరు. అభ్యర్థులు లేరని ఫైలు మూసేయొచ్చు. ఆమె 1958లో, మధ్యలో చదువు ఆపేసిన మహిళలకు రెండేళ్లలో పరీక్ష రాయించే సంక్షిప్త కోర్సులు పెట్టించారు. ఇరవై ఏళ్ల కిందట మద్రాసులో తాను నడిపిన తరగతులే ఇప్పుడు దేశమంతటికీ. లోపం ఎక్కడుందో వెతికి అక్కడే చెయ్యి పెట్టడమంటే ఇదే. 1962లో ఢిల్లీలో సోషల్‌ డెవలప్‌మెంట్‌ కౌన్సిల్‌కు పునాది వేసిందీ ఆమే. సంక్షేమ పథకాలు జనం దాకా ఎలా చేరుతున్నాయో పరిశోధించే సంస్థ అది.

1975లో ఆమెకూ, దేశ్‌ముఖ్‌కూ ఒకే ఏడాది పద్మవిభూషణ్‌ వచ్చింది. అంగన్‌వాడీలు మొదలైందీ ఆ ఏడాదే. బాలవాడి, గర్భిణుల సంరక్షణ ఒకేచోట ఉండాలన్న ఆలోచన వాటిలోనూ కనిపిస్తుంది. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు. మరుసటి ఏడాది దేశ్‌ముఖ్‌ కూడా వెళ్లిపోయారు. ఆంధ్ర మహిళా సభ మాత్రం చెన్నైలో, హైదరాబాద్‌లో ఆసుపత్రులు, నర్సింగ్‌ బడులు, కళాశాలలు నడుపుతూనే ఉంది.