జకార్తా మైదానంలో మన జాతీయగీతం: కోచ్ రహీం సాబ్ జీవితం చెప్పే పాఠం

ఖానాపురం హవేలి (ఖమ్మం): ఎవరికి దేశభక్తి ఉంది, ఎవరికి లేదు అనే లెక్కలు మన దగ్గర ఎక్కువగా మ్యాచ్ ఉన్న రోజే మొదలవుతాయి. ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు ఊళ్ల దాకా మన పిల్లల్లో చాలామందికి ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. స్కూల్లోనో, టీ కొట్టు దగ్గరో ఎవరో ఒకరు నవ్వుతూనే అడుగుతారు, నువ్వు ఏ టీమ్ వైపు అని. పిల్లాడు ఇంటికొచ్చి ఏం జవాబు చెప్పాలమ్మీ అని అడిగితే తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆగిపోతారు. అలాంటప్పుడు వాళ్లకు చెప్పాల్సిన కథ ఒకటుంది. అది హైదరాబాద్‌కు చెందిన ఒక స్కూల్ మాస్టారు కథ. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ ఆయన రహీం సాబ్.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి మన ఖమ్మం కూడా నిజాం రాజ్యంలోనే ఉంది, వరంగల్ జిల్లాలో ఒక భాగం. ఆయన ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు, అక్కడే ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత టీచర్ ఉద్యోగంలో చేరి కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల స్కూళ్లలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పూర్తి చేశారు. ఆటను నేర్పడం అంటే పాఠం చెప్పడమే అన్న అలవాటు ఆయనకు జీవితాంతం పోలేదు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. ఆయన పద్ధతులు ఆ రోజుల్లో వింతగా అనిపించేవి. కుడి కాలితో మాత్రమే ఆడగలిగే కుర్రాళ్ల కోసం, బలహీనమైన కాలితోనే తన్నాలనే నిబంధన పెట్టి టోర్నమెంట్లు నడిపించారు. బంతిని ఒక్కడే పట్టుకుని పరిగెత్తడం కాదు, పక్కవాడికి వెంటనే అందించి ఖాళీ చోటుకు కదలాలని నేర్పారు. మంచి గ్రౌండ్లు, మంచి బూట్లు లేని కాలంలో ఆయన ఆధారపడింది బుర్ర మీద, క్రమశిక్షణ మీద.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ చర్యతో హైదరాబాద్ భారత్‌లో కలిసిపోయింది. ఆ రోజులు మన పెద్దలకు ఎంత బరువైనవో ప్రతి ఇంట్లో ఏదో ఒక రూపంలో తెలుసు. కొందరు పాకిస్తాన్ వెళ్లిపోయారు. రహీం సాబ్ ఇక్కడే ఉండి తన పని చూసుకున్నారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉన్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బుల పేర్లే వినిపించే రోజుల్లో దక్కన్ కుర్రాళ్లు దేశమంతా పేరు తెచ్చుకున్నారు.

దేశం జట్టు బాధ్యత కూడా ఆయనకే వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడింది. మన ఆటగాళ్లలో చాలామంది చలిలో ఒట్టి కాళ్లతో ఆడారు. రహీం సాబ్ ఆ ఓటమితో కుంగిపోలేదు, జట్టును మళ్లీ కట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మన జట్టు సెమీఫైనల్ చేరింది. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి జట్టు అదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకుంది.

ఇక 1962 జకార్తా సంగతి. ఆసియా క్రీడలకు ఆతిథ్యం ఇచ్చిన ఇండోనేషియా, ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు వీసాలు ఇవ్వలేదు. సభ్య దేశాలను బయట పెడితే వీటిని ఆసియా క్రీడలు అని పిలవకూడదని భారత క్రీడా అధికారి జి.డి. సోంధీ వాదించారు. దాంతో అక్కడి జనానికి భారత్ మీద కోపం పెరిగింది. సెప్టెంబర్ 3న జకార్తాలోని మన రాయబార కార్యాలయం మీద గుంపు దాడి చేసింది. మర్నాడే, సెప్టెంబర్ 4న, ఫుట్‌బాల్ ఫైనల్. ప్రత్యర్థి దక్షిణ కొరియా. మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు.

స్టేడియంలో దాదాపు లక్ష మంది. మన జాతీయగీతం మొదలవగానే ఈలలు, అరుపులు. గీతం వినిపించనంత గోల. ఆ వివాదంలో ఆటగాళ్ల తప్పేమీ లేదు. వీసాలు ఆపింది వాళ్లు కాదు, వాదించిందీ వాళ్లు కాదు. అయినా శిక్ష వాళ్ల మీద పడింది. ఆ గోలలో మనవైపు నిలబడి చప్పట్లు కొట్టిన వాళ్లలో పాకిస్తాన్ హాకీ జట్టు ఆటగాళ్లు ఉన్నారు. విభజన జరిగి అప్పటికి పదిహేనేళ్లు మాత్రమే.

రహీం సాబ్ ఆరోగ్యం అప్పటికే పాడైపోయింది. ఊపిరితిత్తుల్ని క్యాన్సర్ తినేస్తోంది. ఫైనల్ ముందు ఆటగాళ్లను ఆయన కోరింది ఒక్కటే, తనకు స్వర్ణం కానుకగా ఇవ్వమని. తర్వాత తన లెక్కలు వేసుకున్నారు. తలకు ఆరు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరసలో ఆడించారు. జ్వరం నుంచి కోలుకున్న పొడగరి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ను మళ్లీ దింపారు. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. భారత్ 2-1తో గెలిచింది. ఆ జట్టులో బెంగాలీ కెప్టెన్ చునీ గోస్వామి, పంజాబీ సిక్కు జర్నైల్, సికింద్రాబాద్ బలరామ్, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. జకార్తాలో జనం చేసింది వేరే దేశం గీతాన్ని అవమానించడం. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో నల్లజాతి అమెరికన్ అథ్లెట్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్ చేసింది అది కాదు. తమ దేశంలో తమవాళ్లకు న్యాయం జరగడం లేదని తల వంచి, పిడికిలి పైకెత్తి నిలబడ్డారు. వాళ్లను క్రీడల నుంచి ఇంటికి పంపేశారు. 1996లో బాస్కెట్‌బాల్ ఆటగాడు మహమూద్ అబ్దుల్ రవూఫ్ గీతానికి నిలబడనందుకు సస్పెండ్ అయ్యాడు. చివరికి నిలబడి, ఆ సమయంలో దువా చేసుకునేలా ఒప్పందం కుదిరింది. 2016లో కోలిన్ కేపర్నిక్ మోకాలి మీద కూర్చున్నాడు. ఇల్లు బాగుపడాలని ఇంట్లోవాళ్లు గట్టిగా మాట్లాడటం వేరు, బయటివాళ్లు వచ్చి తలుపు మీద రాళ్లు వేయడం వేరు.

మన దేశంలో కూడా ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేరళలో ముగ్గురు క్రైస్తవ పిల్లలు జాతీయగీతం వచ్చినప్పుడు మర్యాదగా నిలబడేవారు గానీ, తమ విశ్వాసం కారణంగా పాడేవారు కాదు. స్కూలు వాళ్లను బయటికి పంపింది. గౌరవంగా నిలబడితే చాలు, పాడకపోవడం అవమానం కాదని 1986లో కోర్టు తీర్పు ఇచ్చి పిల్లలను మళ్లీ చేర్చుకోమంది. మన పిల్లలు నిలబడనీ, ఇష్టంగా పాడనీ. కానీ పక్కవాడి పెదవులు కదిలాయా లేదా అని చూసే పోలీసులు కానవసరం లేదు.

రహీం సాబ్ 1963 జూన్ 11న కన్నుమూశారు, జకార్తా విజయం తర్వాత తొమ్మిది నెలలకు. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గానీ మొదలు కాలేదు. చాలా కాలం ఆయన పేరు ఫుట్‌బాల్ వాళ్లు తప్ప ఎవరూ తలుచుకోలేదు. 2024లో మైదాన్ సినిమా వచ్చాకే కొత్త తరానికి ఆయన తెలిశారు. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా రోమ్ ఒలింపిక్ జట్టుకు ఎంపికై, తర్వాత అంతర్జాతీయ రెఫరీగా పేరు తెచ్చుకున్నారు.

ఆయన దేశాన్ని ప్రేమించిన తీరు, ఎడమ కాలితో తన్నలేని కుర్రాడికి అది నేర్పడంలో, పదికి ఒకటితో ఓడిన జట్టును నాలుగేళ్లలో సెమీఫైనల్‌కు తేవడంలో కనిపిస్తుంది. నీది ఏ టీమ్ అని రేపు ఎవరైనా మన పిల్లాడిని అడిగితే కంగారు పడక్కర్లేదు, గొంతు పెంచక్కర్లేదు. రహీం సాబ్ పేరు చెప్పి ఆటకు వెళ్లమనండి. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక, ఆమీన్.