గుడియాత్తం బాటలో డాక్టర్ ఐడా స్కడర్ గారు



వేలూరు ఆసుపత్రి పేరు వినని కుటుంబం మన సంఘాలలో ఉండదు. దానిని స్థాపించిన డాక్టర్ ఐడా స్కడర్ గారి జీవితాన్ని మనం ఎప్పుడూ రోగుల వైపు నుండే చెప్పుకుంటాము. ఈసారి ఆమె దగ్గర పనిచేసినవారి వైపు నుండి చెప్పుకుందాము.

ఐడా గారు 1870 డిసెంబరు 9న రాణిపేటలో మిషనెరీ కుటుంబంలో జన్మించారు. అమెరికాలో చదువుకున్న ఆమెకు మిషనెరీ కావాలన్న కోరిక లేదు. తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి తిండివనం వచ్చారు. అక్కడ ఒకే రాత్రి ముగ్గురు భర్తలు, ప్రసవవేదనలో ఉన్న తమ భార్యలకు సహాయం చేయమని ఒకరి తరువాత ఒకరు వచ్చి అడిగారు. ఆమెకు వైద్యం రాదు. మగ వైద్యుని ఇంటిలోనికి రానివ్వడానికి వారు ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. దేవుని పిలుపు ఆమెకు ఆ రాత్రే అందింది. 1899లో కార్నెల్‌లో వైద్యపట్టా పొంది, 1900లో వేలూరు చేరారు.

వచ్చిన కొత్తలో ఆసుపత్రి లేదు, నర్సులు లేరు. తమ ఇంటి పనివారి కుటుంబానికి చెందిన సలోమీ అనే స్త్రీకి ఆమె పని నేర్పి, తనకు సహాయకురాలిగా చేసుకున్నారు. వంటింటి మనిషి వైద్యశాలలో ఏమి చేయగలదని అనుకోలేదు. 1902లో 40 పడకల షెల్ ఆసుపత్రి తెరవబడింది.

వారానికొకసారి గుడియాత్తం ప్రయాణం ఉండేది. మొదట ఎద్దుబండి, తరువాత ఫ్రెంచి మోటారు కారు. ఆ కారును చూచి దయ్యమని జనం పారిపోయేవారట! దారి పొడవునా చెట్ల నీడలలో రోగులు కాచుకొని ఉండేవారు. పుండు కడిగేవారు, మందు కలిపేవారు, బండి నడిపేవారు లేకుండా డాక్టరు ఒక్కరే అంతమందిని చూడడం సాధ్యమా? ఆ బాటలో ఎవరి పనీ తక్కువది కాదు.

ఆ రోజులలో నర్సు పనిని నీచంగా చూచేవారు. మంచి కుటుంబాలవారు తమ ఆడపిల్లలను ఆ పనికి పంపడానికి వెనుకాడేవారు. గౌరవం మాటలతో రాదు గదా! 1909లో వేలూరులో నర్సుల శిక్షణ ప్రారంభమైంది. 1946 నాటికి అదే నర్సింగు డిగ్రీగా ఎదిగింది. తక్కువగా చూడబడిన పనికి చదువు, పరీక్ష, పట్టా వచ్చాయి.

1918లో స్త్రీల వైద్య పాఠశాల ఆరంభించినప్పుడు, మన ఆడపిల్లలు ఆ పరీక్షలకు ఆగలేరని పెద్దలు పెదవి విరిచారు. 1922లో పరీక్షకు కూర్చున్న 14 మందీ ఉత్తీర్ణులయ్యారు. ఆ కళాశాల కొరకు అమెరికాలో విరాళాలు కూడబెట్టిన లూసీ పీబడీ గారు, ఒకప్పుడు మద్రాసులో మన తెలుగు బాప్టిస్టు మిషనులో పనిచేసినవారే. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఐడా గారు 1946లో విశ్రాంతి తీసుకున్నారు. కొద్ది సంవత్సరాలలోనే ఆ సంస్థ నాయకత్వం విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ గారికి వచ్చింది. విదేశీయులు స్థాపించిన సంస్థకు మన తెలుగు స్త్రీ పెద్ద అయ్యారు. పని నేర్పినవారు పగ్గాలు కూడా అప్పగించగలిగినప్పుడే ఆ నేర్పడం నిజమని మేము తలుస్తాము. 1960 మేలో కొడైకెనాల్‌లో ఐడా గారు ప్రభువునందు నిద్రించారు.

సొంత ఊరు విడిచి వచ్చిన మనం మొదట ఇతరుల దగ్గరే పనిచేశాము. పేరు పెట్టి పిలవని యజమాని, నెల దాటినా జీతమివ్వని యజమాని మనలో కొందరికి గుర్తే. ఇప్పుడు దేవుని కృపవలన మనకే దుకాణాలున్నాయి, ఇంటిలో పనిమనుషులున్నారు. మన పనిమనిషి మన ఇంటి గ్లాసులో నీళ్లు త్రాగుతున్నదా? జీతం చెప్పిన రోజున ఇస్తున్నామా? మన దగ్గర పదేళ్లు పనిచేసిన కుర్రవాడు ఇంకా తుడిచే పనిలోనే ఉన్నాడా, లేక ఏదైనా నేర్చుకున్నాడా? ప్రతి ఆదివారం మందిరం ఊడ్చే సహోదరి పేరు మనలో ఎందరికి తెలుసు?

పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో దాసులకే గాక యజమానులకు కూడా హెచ్చరిక ఉన్నది. మనం దాసుల వంతు చదువుకొని ఆగిపోతున్నామేమో, ఈ వారం పరీక్షించుకుందాము.