ఉరికంబం నీడలోని రైతులకు అండ - ప్రిట్

నల్లగొండ పల్లెల్లో రగిలిన తెలంగాణ సాయుధ పోరాటం నాటి హత్య కేసుల్లో 1949లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు 12 మంది రైతులకు ఉరిశిక్ష విధించాయి. వకీలును పెట్టుకునే సరైన అవకాశమే ఇవ్వలేదని ముద్దాయిల ఫిర్యాదు. వారి తరఫున సుప్రీంకోర్టులో వాదించినవారు ఇంగ్లండు బారిస్టరు డి.ఎన్. ప్రిట్. 1887లో జన్మించిన ఆయన అక్కడి పార్లమెంటు సభ్యునిగానూ పనిచేశారు.

1951లో కోర్టు పిటిషన్లను కొట్టివేసింది. అయినా ప్రజల ఆందోళనతో ఉరి యావజ్జీవ శిక్షగా మారి, రైతుల ప్రాణాలు దక్కాయి. ఆ తర్వాత ప్రిట్ కెన్యాలో కెన్యాట్టా పక్షాన వాదించారు. 1953లో ఆయనకూ శిక్ష పడింది. ఆ ఖైదీయే 1964లో దేశాధ్యక్షుడయ్యారు.

ప్రిట్ 1972లో కన్నుమూశారు. పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించాలన్న 39-ఎ అధికరణం 1976 సవరణతో మన రాజ్యాంగంలో చేరింది. వకీలు లేని ముద్దాయి గోడు అలా రాజ్యాంగానికెక్కింది.