లలిత కోసం తెరుచుకున్న తరగతి

పదిహేనేళ్ళకే పెళ్ళి. పద్దెనిమిదేళ్ళకు భర్త పోయారు. ఒళ్ళో నాలుగు నెలల పాప. 1937 నాటి మద్రాసులో అలాంటి అమ్మాయికి ఇక చదువేమిటి అనేవాళ్ళే ఎక్కువ. ఆ అమ్మాయే అయ్యలసోమయాజుల లలిత. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు, అందులోనూ తెలుగింటి ఆడపడుచు! చేజర్లలో పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పే నాకు ఆవిడ తెలివితేటలతో పాటు, ఆవిడ కోసం ఒక కాలేజీ ఎలా మారిందన్నది కూడా ఎంతో ఆసక్తిగా ఉంటుంది.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. భర్త పోయాక లలిత క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్ ఫస్టు క్లాసులో పాసయ్యారు. డాక్టరయితే వేళాపాళా లేకుండా పాపను వదిలి పరుగెత్తాలి. అందుకని ఇంజనీరింగ్ అనుకున్నారు.

కానీ గిండీలో అంతవరకూ అందరూ మగపిల్లలే. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ చాకో గారితో మాట్లాడారు. ప్రభుత్వ విద్యాశాఖ అధికారి అనుమతీ దొరికింది. అలా 1940లో లలిత చేరారు. పాపను పుట్టింటివాళ్ళు చూసుకునేవారు.

సీటు దొరికింది కానీ, హాస్టల్లో ఒంటరితనం పోలేదు. వందలాది మగపిల్లల మధ్య ఒక్కత్తే ఆడపిల్ల! అర్థంకాని లెక్క ఎవరినడగాలి? మనసు బాగోలేకపోతే ఎవరితో చెప్పుకోవాలి? తండ్రి ఇది గమనించారు. ఆడపిల్లలకూ ప్రవేశం ఉందని ప్రకటన ఇప్పించారు. మరుసటి ఏడాది సివిల్ శాఖలో లీలమ్మ జార్జి, త్రెస్యా చేరారు. ఆ త్రెస్యా గారే తర్వాత కేరళలో చీఫ్ ఇంజనీరయ్యారు.

1943లో లలిత డిగ్రీ పూర్తయింది. పట్టా మీద మగవారికి వాడే మాటే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి ఆడవారికి తగ్గట్టు చేత్తో దిద్ది ఇచ్చారట! జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ, సిమ్లాలో ఉద్యోగం అయ్యాక 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. భాక్రా నంగల్ కరెంటు లైన్ల పనిలోనూ ఆవిడ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకు వెళ్ళారు. పాపను పెంచి పెద్దచేస్తూనే ఇదంతా సాధించారు. 1979లో కన్నుమూశారు.

ప్రయోగశాలంటే సామాను, బల్లలు మాత్రమే అనుకుంటాం. పక్కన ఇంకో ఆడపిల్ల ఉండటం కూడా అంతే అవసరమని లలిత జీవితం చెబుతుంది. అందుకే నేను ప్రయోగాల గుంపులు వేసేటప్పుడు ఆడపిల్లను ఒంటరిగా వెయ్యను, ఇద్దరేసి ఉండేలా చూస్తాను. అబ్బాయిలు వైర్లు బిగిస్తుంటే అమ్మాయిలు బొమ్మ గీసుకుని ఊరుకోవడం కుదరదు. స్క్రూడ్రైవరు అందరి చేతుల్లోకీ వంతులవారీగా రావాల్సిందే. తప్పు కలిపితే బల్బు వెలగదు, అంతే కదా! మళ్ళీ విప్పి కలుపుతారు.

అమ్మలూ, ఈసారి బడికి వెళ్ళినప్పుడు మార్కులతో పాటు ఒక్క మాట అడగండి. మీ అమ్మాయి ప్రయోగం చూస్తోందా, తన చేత్తో చేస్తోందా?