చేతికి పిండికట్టు.. చేతిలో తూటాలు: హైదరాబాద్ రెజిమెంట్ నుంచి తొలి పరమవీర చక్ర దాకా మేజర్ సోమనాథ్ శర్మ

దేశంలో తొలి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ. ఈ పేరు చాలామంది స్కూల్లోనే వినుంటారు. అయితే ఆయన ఆఫీసర్‌గా మొదట చేరింది మన హైదరాబాద్ పేరున్న రెజిమెంట్‌లో అన్న సంగతి, చివరి నిమిషాల్లో ఆయన చేస్తున్న పని మెషిన్ గన్లకు తూటాలు నింపడం అన్న సంగతి తక్కువ మందికే తెలుసు.

ముందు ఆ రెజిమెంట్ గురించి. 1813లో హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న హెన్రీ రసెల్, నిజాం ఖర్చుతో ఓ దళాన్ని తయారు చేయించాడు. అదే తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అయింది. దాని ప్రధాన స్థావరం బొల్లారం. ఇప్పటి సైబర్ టవర్స్ నుంచి ట్రాఫిక్‌ను బట్టి గంట, గంటన్నర ప్రయాణం. ఈ దళం ఖర్చుల బాకీ పెరిగిపోయి 1853లో నిజాం ఏకంగా బేరార్‌నే బ్రిటిష్ వాళ్లకు అప్పగించాల్సి వచ్చింది. 1922లో దీనికి 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని పేరు పెట్టారు. కాలక్రమంలో ఉత్తరాది సైనికులే ఎక్కువవడంతో 1945 అక్టోబర్ 27న కుమావూ రెజిమెంట్‌గా మారింది.

సోమనాథ్ 1923 జనవరి 31న కాంగ్రా ప్రాంతంలోని దాఢ్‌లో పుట్టారు. తండ్రి అమర్‌నాథ్ శర్మ కూడా ఆర్మీ ఆఫీసరే. మేనమామ కృష్ణదత్ వాసుదేవ ఇదే హైదరాబాద్ రెజిమెంట్‌లో పనిచేస్తూ మలయాలో జపాన్ సైన్యంతో పోరాడి చనిపోయారు. 1942 ఫిబ్రవరి 22న సోమనాథ్ ఆ రెజిమెంట్ 8వ బెటాలియన్‌లో చేరారు. బర్మాలోని అరకాన్ యుద్ధంలో గాయపడిన తన ఆర్డర్లీని భుజాన వేసుకుని మోసుకొచ్చారు.

1947 అక్టోబర్‌లో కశ్మీర్‌పై దాడి మొదలైంది. అప్పటికి హాకీ ఆడుతూ దెబ్బ తగిలి ఆయన ఎడమ చేతికి పిండికట్టు ఉంది. వెళ్లొద్దని పైవాళ్లు చెప్పినా వినలేదు. తన కంపెనీతోనే శ్రీనగర్ విమానం ఎక్కారు.

నవంబర్ 3న ఆయన కంపెనీ బడ్గాంలో గస్తీకి వెళ్లింది. శ్రీనగర్ విమానాశ్రయం దగ్గర్లోనే ఉంది. అది పోతే బలగాలు దిగే దారే లేదు. మధ్యాహ్నం 2.35కి ఊళ్లోని ఇళ్ల నుంచి కాల్పులు మొదలయ్యాయి. ఆ వెంటనే గుల్‌మార్గ్ వైపు నుంచి వందల మంది మీద పడ్డారు. ఒక్కో జవానుకు ఏడుగురు శత్రువులు అనమాట.

ఇక్కడే లైట్ మెషిన్ గన్ కీలకమైంది. అప్పట్లో మన పదాతి దళం వాడింది బ్రెన్ గన్. బరువు సుమారు 10 కిలోలు, ఒక మనిషి మోసుకెళ్లొచ్చు. రైఫిల్‌తో ఒక్కో తూటాకీ బోల్టు లాగాలి. బ్రెన్ అయితే నిమిషానికి 500 తూటాల వేగంతో పేలుతుంది. పది మంది జవాన్ల సెక్షన్‌కు అసలు బలం ఈ ఒక్క గన్నే. చిక్కల్లా మ్యాగజైన్‌తోనే. పట్టేది 30 తూటాలు, ఆపకుండా కాలిస్తే నాలుగు సెకన్లు కూడా రాదు. అందుకే చిన్న చిన్న విడతల్లో కాలుస్తారు. ఖాళీ అయితే ఒక్కో తూటా చేత్తో నింపాలి. .303 తూటా అడుగున అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది దాని అంచుకు ముందు కూర్చోవాలి, లేదంటే గన్ జామ్ అవుతుంది. మామూలుగా గన్ పేల్చేవాడి పక్కన ఇంకో జవాను ఉండి ఈ పనులు చూస్తాడు.

ఆ రోజు అలా పక్కనుండే జవాన్లు ఒక్కొక్కరే నేలకొరుగుతున్నారు. మేజర్ మొదట కాల్పుల మధ్యే బయటికి పరుగెత్తి, మన విమానాలకు లక్ష్యం తెలిసేలా నేలపై గుడ్డ ప్యానెళ్లు పరిచారు. తర్వాత గన్లు ఆగిపోకుండా తానే మ్యాగజైన్లు నింపుతూ గన్నర్లకు అందిస్తూ వెళ్లారు. ఒక చేయి పిండికట్టులో ఉండగా! అలా నింపుతున్నప్పుడే పక్కనున్న మందుగుండుపై మోర్టారు షెల్ పడి పేలింది. ఆయన అక్కడికక్కడే చనిపోయారు. వయసు 24.

కంపెనీ మాత్రం కదల్లేదు. శత్రువును దాదాపు ఆరు గంటలు నిలువరించింది. ఆలోగా అదనపు బలగాలు దిగాయి, విమానాశ్రయం దక్కింది. మేజర్‌తో పాటు సుబేదార్ ప్రేమ్ సింగ్ మెహతా, మరో 20 మంది అమరులయ్యారు. మూడు రోజుల తర్వాత దొరికిన మేజర్ మృతదేహాన్ని తోలు పిస్టల్ ఒర, జేబులోని గీత పేజీలను బట్టి గుర్తుపట్టారు.

పరమవీర చక్ర 1950 జనవరి 26న ఏర్పాటైంది. ఆ పతకం డిజైన్ చేసిన సావిత్రి ఖనోల్కర్, సోమనాథ్ తమ్ముడు సురీందర్‌కు అత్తగారు. మరో తమ్ముడు విశ్వనాథ్ శర్మ 1988లో ఆర్మీ చీఫ్ అయ్యారు. రాణీఖేత్‌లోని కుమావూ రెజిమెంట్ మైదానానికి సోమనాథ్ పేరే పెట్టారు.