అల్లాడి వాదన, అంబేడ్కర్ సవరణ

రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కలిసి పనిచేసిన ఇద్దరు న్యాయకోవిదులు, ఆ రాజ్యాంగం అమలులోకి వచ్చిన ఏడాదిన్నరలోపే రిజర్వేషన్ల ప్రశ్నపై ఎదురెదురు పక్షాల్లో నిలిచారు. ఒకరు బి.ఆర్. అంబేడ్కర్. మరొకరు నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్.

అల్లాడి 1883లో ఒక పురోహితుని ఇంట జన్మించారు. ఆ ఇంట సిరిసంపదలు లేకపోయినా తరతరాల అక్షరం ఉంది. ఆనాడు అంతే పేదరికంలో ఉన్న మాల, మాదిగ ఇళ్లకు ఆ ఆస్తి దక్కలేదు. మద్రాసులో న్యాయవాదిగా ఎదిగిన ఆయన 1929 నుంచి 1944 వరకు పదిహేనేళ్లు ప్రెసిడెన్సీ అడ్వకేట్ జనరల్‌గా, అంటే ప్రభుత్వానికి అత్యున్నత న్యాయ సలహాదారుగా ఉన్నారు. 1932లో 'సర్' బిరుదు పొందారు. రాజ్యాంగ సభలో సార్వత్రిక వయోజన ఓటు హక్కును గట్టిగా సమర్థించారు. కాబట్టి ఆయనను కేవలం ఛాందసుడిగా చిత్రించడం అన్యాయం.

మద్రాసులో 1920ల నుంచీ కమ్యూనల్ జీవోలు అమలులో ఉండేవి. 1950 నాటి లెక్క ప్రకారం వృత్తివిద్యా కళాశాలల్లో ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, హరిజనులకు 2, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 1, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1. జనాభాలో సుమారు 3 శాతమున్న బ్రాహ్మణులకు ఏడింట ఒక వంతు దక్కినా, అది వివక్షేనంటూ చంపకం దొరైరాజన్, శ్రీనివాసన్ కోర్టుకెక్కారు. చంపకం అసలు వైద్య కళాశాలకు దరఖాస్తే చేయలేదు. జీవోను సవాలు చేసిన పక్షాన వాదించినవారిలో అల్లాడి ఒకరు. ఒకనాడు ప్రభుత్వ పక్షాన నిలిచిన ఆయన, ఇప్పుడు ప్రభుత్వ ఉత్తర్వుకు ఎదురుగా నిలిచారు.

ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు 16(4) అధికరణ ఉంది. విద్యలో ప్రవేశాలకు అటువంటి నిబంధన లేదు. ఆ ఖాళీయే కేసును నిర్ణయించింది. మద్రాసు హైకోర్టు 1950లో జీవోను కొట్టివేసింది. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయపరిచింది. బలహీన వర్గాల విద్యను ప్రోత్సహించాలనే ఆదేశిక సూత్రం ప్రాథమిక హక్కును మించదని తేల్చింది.

మద్రాసు రాష్ట్రం ఆందోళనలతో అట్టుడికింది. పెరియార్ ముందు నిలిచారు. న్యాయశాఖ మంత్రిగా అంబేడ్కర్ పార్లమెంటులో ఆ తీర్పును విమర్శించి, సవరణను సమర్థించారు. జూన్‌లో మొదటి సవరణ ద్వారా 15(4) రాజ్యాంగంలో చేరింది. అల్లాడి 1953లో కన్నుమూశారు.

తెలుగు రాష్ట్రాల్లో నేడు బీసీ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థి పొందే ఇంజనీరింగ్, మెడికల్ సీటుకు పునాది ఆ 15(4). సమానత్వం అన్న ఒకే మాటను అల్లాడి వ్యక్తి హక్కుగా చదివారు, అంబేడ్కర్ చరిత్ర బాకీగా చదివారు. రాజ్యాంగాన్ని రాసినంత మాత్రాన సరిపోదు. దాన్ని ఎవరు, ఎవరి పక్షాన చదువుతారన్నదే నేటికీ అసలు ప్రశ్న. అందుకే అణగారిన వర్గాల యువత న్యాయస్థానాల్లోకీ, ప్రభుత్వ న్యాయవాదుల స్థానాల్లోకీ చేరాలి.